ఫొటోషాప్ సిస్టమ్‌కి ఏ డిస్క్? పాత సలహాల్లో ఏవి పనికొస్తాయి, ఏవి చెల్లిపోయాయి

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే షాపుల్లో, ఫ్లెక్స్ సెంటర్లలో సిస్టమ్ స్లో అయిందంటే వెంటనే వినపడే మాట "ఎస్‌ఎస్‌డీ వేయించెయ్". తప్పు మాటేం కాదు, కాకపోతే సగం మాట. ఎలాంటి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్క్), ఎంత సైజు, అందులో ఏం పెట్టాలి, ఉన్న హార్డ్ డిస్క్ తీసేయాలా ఉంచాలా అన్న దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. "స్క్రాచ్ డిస్క్ (ఫొటోషాప్ తాత్కాలికంగా రాసుకునే చోటు) డీ డ్రైవ్‌కి మార్చు", "రెండు డిస్కులు కలిపి రెయిడ్‌లో (రెండిటినీ ఒక్కటిగా నడిపే పద్ధతి) పెట్టు", "ఎస్‌ఎస్‌డీ మీద ఎక్కువ రాయకు, అరిగిపోతుంది". ఇవన్నీ ఎవరో ఊరికే పుట్టించినవి కావు, చాలావరకు ఒకప్పుడు నిజమే. హార్డ్ డిస్క్‌లో తిరిగే ప్లాటర్ అనే పళ్లెం, దాని మీద అటూ ఇటూ పరిగెత్తి డేటా చదివే, రాసే హెడ్, సిస్టమ్‌లో 4 జీబీ ర్యామ్ ఉంటే గొప్ప, అలాంటి రోజుల్లో పుట్టిన సలహాలు. ప్లాటర్ తిరగడం ఆగిపోయినా సలహాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కో సలహా వెనకున్న కారణం ఇంకా ఉందా లేదా అని చూసుకుంటే ఏం కొనాలో చాలావరకు తేలిపోతుంది.

ముందు బరువెంతో లెక్కేద్దాం. ఆల్బమ్‌లలో మామూలుగా నడిచే సైజు 12×36 అంగుళాలు. 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) అది 3,600 × 10,800, అంటే దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్లు. 8 బిట్ ఆర్‌జీబీలో పిక్సెల్‌కి మూడు బైట్లు కాబట్టి ఏమీ పెట్టని ఖాళీ షీటే 117 ఎంబీ. దాని మీద 24 మెగాపిక్సెల్ ఫొటోలు పదిహేను స్మార్ట్ ఆబ్జెక్టులుగా (అసలు ఫొటోని లోపల పూర్తి సైజులో ఉంచుకునే లేయర్లు) వేస్తే ఒక్కోటి 72 ఎంబీ చొప్పున ఇంకో జీబీ పైనే. ఆపైన బ్యాక్‌గ్రౌండ్, పూలు, మాస్కులు, షాడోలు, ఇవన్నీ కాక హిస్టరీ. ఫొటోషాప్ మామూలుగా 50 స్టెప్పుల వరకు వెనక్కి పోనిస్తుంది. చిన్న బ్రష్ గీత అయితే మారిన ముక్కల్నే దాచుకుంటుంది గానీ, షీట్ మొత్తానికి ఒక ఫిల్టర్ కొడితే ఆ లేయర్ అంతా ఇంకోసారి దాచుకోవాల్సిందే. ఇలాంటి షీట్లు మూడు నాలుగు ఒకేసారి తెరిచి, పక్కన కోరల్‌డ్రా, బ్రౌజర్‌లో యూట్యూబ్ పాటలు పెట్టుకుంటే 16 జీబీ ర్యామ్ కూడా ఇట్టే నిండుతుంది.

ఫ్లెక్స్ లెక్క వేరు. 10×20 అడుగుల ఫ్లెక్స్ 72 డీపీఐలో 8,640 × 17,280, సీఎంవైకేలో (ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల లెక్క, పిక్సెల్‌కి నాలుగు బైట్లు) దాదాపు 600 ఎంబీ. "క్వాలిటీ బావుంటుంది" అని అదే సైజు 300 డీపీఐలో పెడితే 10 జీబీ దాటుతుంది, పైగా ఒక వైపు 30,000 పిక్సెళ్లు మించితే ఫొటోషాప్ మామూలు ఫైల్ రకం పీఎస్‌డీగా సేవ్ కూడా అవదు, పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీ చేసుకోవాలి. సెంటర్లో రోడ్డుకి అటు వైపు నుంచి చూసే పుట్టినరోజు ఫ్లెక్స్‌కి 300 డీపీఐ పెట్టే అలవాటు మానుకుంటే వచ్చే స్పీడు ఏ డిస్క్ మార్చినా రాదు. అది ఉచితం కూడా.

ఈ బరువంతా ర్యామ్‌లో పట్టినంతసేపు డిస్క్‌తో పెద్దగా పని లేదు. పట్టనప్పుడే అసలు కథ. ఫొటోషాప్ మిగిలిందంతా తన సొంత తాత్కాలిక ఫైల్‌లో, డిస్క్ మీద రాసుకుంటుంది. స్క్రాచ్ డిస్క్ అంటే ఇదే. కాబట్టి డిస్క్ కొనే ముందు చూడాల్సింది షాపులో రేటు కాదు, ఫొటోషాప్‌లోనే ఉన్న ఒక చిన్న అంకె. ఫైల్ విండో అడుగున స్టేటస్ బార్‌లో బాణం గుర్తు నొక్కితే వచ్చే లిస్టులో 'ఎఫిషియెన్సీ' అని ఉంటుంది, అది పెట్టుకుని రోజూ చేసే పనే చేసుకుంటూ పోవాలి. 100 శాతం దగ్గర కదలకుండా ఉంటే ర్యామ్ సరిపోతోందని అర్థం, అప్పుడు స్క్రాచ్ కోసం ఎంత ఖరీదైన డిస్క్ వేసినా తేడా తెలీదు. తరచూ 80కి, 70కి పడిపోతుంటే ర్యామ్ చాలక డిస్క్ మీదికి పోతోందన్నమాట. అప్పుడు కూడా మొదటి మందు ర్యామే, ఎందుకంటే ఎంత వేగమైన ఎస్‌ఎస్‌డీ అయినా ర్యామ్ కంటే చాలా నెమ్మది. ఇది తెలియక స్లాట్ ఖాళీగా ఉన్నా ర్యామ్ పెంచకుండా, ఉన్న మంచి ఎస్‌ఎస్‌డీ తీసి ఇంకా ఖరీదైనది వేయించేవాళ్లు చాలామంది.

ఇక సీ, డీ, ఈ డ్రైవ్‌ల సంగతి. మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్ ఏది తెచ్చుకున్నా ఉన్న ఒక్క డిస్క్‌నీ మూడు ముక్కలు చేసి ఇవ్వడం ఆనవాయితీ. సీలో విండోస్, డీలో పని, ఈలో సినిమాలు. "విండోస్ పాడై ఫార్మాట్ కొట్టినా డీలో డేటా భద్రం" అనే లెక్కతో మొదలైంది ఇది, ఆ మేరకు నిజం. చిక్కేమిటంటే వీటిని మూడు వేర్వేరు డిస్కులుగా ఊహించుకోవడం. స్క్రాచ్‌ని వేరే డిస్క్‌కి మార్చమన్న సలహా రెండు నిజమైన డిస్కుల కోసం. 7,200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్‌లో ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది, కావాల్సిన చోటు హెడ్ కిందకి రావడానికి సగటున అందులో సగం, హెడ్ ఆ ట్రాక్ దగ్గరికి జరగడానికి ఇంకో ఎనిమిది తొమ్మిది. అంటే చెల్లాచెదురుగా ఉన్న డేటా అయితే సెకనుకి 80, మహా అయితే 100 సార్లు మాత్రమే అందుకోగలదు. విండోస్ ఒక పక్క, ఫొటోషాప్ ఒక పక్క ఆ ఒక్క హెడ్‌ని లాగుతుంటే నత్తనడకే. రెండో డిస్క్ పెడితే రెండో హెడ్ వస్తుంది, అందుకు లాభం. అదే డిస్క్‌లోని డీ పార్టిషన్‌కి మారిస్తే? హెడ్ ఒక్కటే, పైగా సీ నుంచి డీకి ఇంకాస్త దూరం పరిగెత్తాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఎస్‌ఎస్‌డీలో హెడ్ లేదు, తిరిగేదీ లేదు. విండోస్, ఫొటోషాప్, స్క్రాచ్, నడుస్తున్న పెళ్లి తాలూకు ఫైళ్లు అన్నీ ఒకే మంచి ఎస్‌ఎస్‌డీ మీద ఉన్నా ఒకదాన్నొకటి తోసుకోవడం అనేది మామూలు ఆల్బమ్ పనిలో తెలియనంత తక్కువ. కాబట్టి స్క్రాచ్ కోసమే ఇంకో ఎస్‌ఎస్‌డీ కొనాలన్న రూలు దాదాపు చెల్లిపోయినట్టే. దాని స్థానంలో వచ్చింది ఖాళీ జాగా సమస్య. 120, 240 జీబీ ఎస్‌ఎస్‌డీలు చవగ్గా దొరికిన రోజుల్లో సీ డ్రైవ్‌గా అదొకటి పడేసి పాత హార్డ్ డిస్క్‌ని డీగా ఉంచేసిన సిస్టమ్‌లు ఇప్పటికీ షాపుల్లో బోలెడు. విండోస్, దాని అప్‌డేట్లు, ఫొటోషాప్, డెస్క్‌టాప్ మీద కుప్ప పోసిన ఫొటోలు, ఇవి పోగా 20 జీబీ మిగిలితే ఎక్కువ. స్క్రాచ్ మొదట సీ మీదే ఉంటుంది గనక సరిగ్గా పెద్ద ఫైల్ దగ్గర "స్క్రాచ్ డిస్కులు నిండిపోయాయి" అని ఆపేస్తుంది. అప్పుడు కంగారుగా దాన్ని డీకి, అంటే హార్డ్ డిస్క్‌కి మార్చేస్తారు, మెసేజ్ పోతుంది, పని మాత్రం మళ్లీ పాత నత్తనడకకి వస్తుంది, చివరికి "ఎస్‌ఎస్‌డీ వేసినా ఏం లాభం లేదు" అంటారు. ఇంకో చిన్న విషయం: ఫొటోషాప్ మధ్యలో క్రాష్ అయితే 'ఫొటోషాప్ టెంప్' పేరుతో మొదలయ్యే ఫైళ్లు డ్రైవ్‌లో అలాగే ఉండిపోతుంటాయి, ఒక్కోటి పదుల జీబీలు కూడా ఉండొచ్చు. ఫొటోషాప్ మూసేసి, ఆ పేరుతో వెతికి తీసేస్తే కొత్త డిస్క్ అవసరమే పడకపోవచ్చు.

సైజు విషయంలో అందుకే మొహమాటం వద్దు. గ్రాఫిక్స్ పనికి 1 టీబీ కంటే తక్కువ ఎస్‌ఎస్‌డీ కొనడం ఇప్పుడు తప్పు పొదుపు. 1 టీబీ అన్నది విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తుంది, షాపువాడు మోసం చేశాడని గొడవ పడక్కర్లేదు, కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తే విండోస్ 1,024 చొప్పున లెక్కేస్తుంది, అంతే.

డబ్బా మీద అంకెలకి వద్దాం. సాటా (హార్డ్ డిస్కులు కూడా తగిలించే పాత రకం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, అది సాటా దారికే ఉన్న హద్దు. అంతకంటే వేగమైన కొత్త రకం ఎన్‌వీఎంఈలో జెన్ 3 (మూడో తరం) అయితే 3,500, జెన్ 4 అయితే 7,000, జెన్ 5 అయితే పది వేలు దాటిన అంకెలు. వింటుంటే పదింతలు, ఇరవై ఇంతలు అనిపిస్తుంది. వరసగా ఉన్న ఒక పెద్ద ఫైల్‌ని సూటిగా చదివినప్పటి లెక్క అది. హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు తేడా ఎవరికైనా కనపడుతుంది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి కొంత. జెన్ 3 నుంచి జెన్ 5కి మారితే ఆల్బమ్ పనిలో తేడా కనిపెట్టడానికి స్టాప్‌వాచ్ కావాలి.

సేవ్ చేసేటప్పుడు ఏం జరుగుతుందో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. పెద్ద పీఎస్‌డీ సేవ్ కొట్టినప్పుడు శాతం పట్టీ మెల్లగా పాకుతుంటే డిస్క్‌నే తిడతాం. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ఎన్‌వీఎంఈ డిస్క్ తీరిగ్గా కూర్చుని ఉంటుంది, పని జరుగుతున్నది ప్రాసెసర్లో, ఎందుకంటే ఫొటోషాప్ ఆ ఫైల్‌ని కంప్రెస్ చేస్తూ రాస్తోంది. ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ హ్యాండ్లింగ్ కింద పీఎస్‌డీ, పీఎస్‌బీ కంప్రెషన్ ఆపేసే టిక్ ఒకటి ఉంది. అది పెడితే సేవ్ బాగా త్వరగా అవుతుంది, బదులుగా ఫైల్ సైజు పెరుగుతుంది. జాగా ఉన్న వేగమైన డిస్క్‌కి ఇది మంచి బేరం, హార్డ్ డిస్క్ మీదే సేవ్ చేసేవాళ్లకి మాత్రం నష్టం కూడా కావచ్చు.

కార్డు నుంచి ఫొటోలు దింపడం కూడా అంతే. కెమెరాల్లో వాడే యూహెచ్‌ఎస్-1 రకం మెమరీ కార్డు గరిష్ఠ హద్దు సెకనుకి 104 ఎంబీ, వాస్తవంలో 90 వస్తే మంచిదే. 128 జీబీ కార్డు దింపడానికి దాదాపు 24 నిమిషాలు. అవతల ఏ జెన్ ఉన్నా అంతే. రీడర్‌ని పొరపాటున యూఎస్‌బీ 2.0 పోర్టులో గుచ్చితే గంట పైనే, ముహూర్తాలు వరసగా ఉన్న మాఘంలో ఈ గంటలే ప్రాణం తీస్తాయి.

వీడియో మిక్సింగ్ కూడా ఆ సిస్టమ్‌లోనే చేసేవాళ్లు డిస్క్ స్పీడు గురించి ఇంకా ఎక్కువ కంగారు పడతారు. 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 100 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైట్) తీసిన 4కే వీడియో అంటే సెకనుకి 12.5 ఎంబీ. మామూలు హార్డ్ డిస్క్ కూడా ఒక క్లిప్ వరకు హాయిగా ఇవ్వగలదు. టైమ్‌లైన్ తడబడేది చాలాసార్లు దాన్ని విప్పలేక ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు అలిసిపోయి. నాలుగు కెమెరాలు ఒకేసారి నడిపిస్తే మాత్రం హార్డ్ డిస్క్‌లో హెడ్ నాలుగు చోట్లకి పరిగెత్తాలి, అక్కడ ఎస్‌ఎస్‌డీ కావాల్సిందే. అసలు భారం జాగాది: ఈ లెక్కన గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు, రెండు రోజుల పెళ్లి, సంగీత్‌తో సహా అయితే ఒక్క పార్టీకే (కస్టమర్‌కే) అర టీబీ దాటడం వింత కాదు.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండనిదీ, నిజంగా చూడాల్సిందీ ఇంకొకటి ఉంది. లోపలి చిప్పులు టీఎల్‌సీనా, క్యూఎల్‌సీనా? టీఎల్‌సీలో ఒక్కో సెల్‌లో మూడు బిట్లు పెడితే క్యూఎల్‌సీలో నాలుగు కుక్కుతారు, చవక, కానీ రాయడం నెమ్మది. ఆ నెమ్మది కనపడకుండా ముందు కొంత భాగాన్ని వేగమైన క్యాష్‌గా వాడతారు. శాంసంగ్ 870 క్యూవీఓ 1 టీబీ మోడల్ కాగితాల్లోనే ఉంది: క్యాష్ 42 జీబీ వరకు, అది నిండాక రాసే వేగం సెకనుకి 80 ఎంబీ. అంటే 100 జీబీ పెళ్లి ఫొటోలు ఒక్కసారిగా దింపితే సగం దగ్గర అది హార్డ్ డిస్క్ కంటే వెనకబడుతుంది. డిస్క్ నిండే కొద్దీ క్యాష్ కుంచించుకుపోయే మోడళ్లూ చాలా ఉన్నాయి. చదవడమే ఎక్కువగా ఉండే పనికి, అంటే పాత ఫైళ్లు, బ్యాక్‌గ్రౌండ్లు, పీఎన్‌జీ పూలు దాచుకోవడానికి క్యూఎల్‌సీ బాగానే ఉంటుంది. స్క్రాచ్, నడుస్తున్న పని ఉండే మెయిన్ డిస్క్ మాత్రం టీఎల్‌సీదే కావాలి. రేటులో కొద్దిపాటి తేడాకి కక్కుర్తి పడే చోటు కాదిది.

అరిగిపోతుందన్న భయం సంగతి? 1 టీబీ టీఎల్‌సీ డిస్కులకి కంపెనీలు ఇచ్చే హామీ సాధారణంగా 600 టీబీ రాతల వరకు. రోజుకి 100 జీబీ, ఆదివారం కూడా మానకుండా రాస్తే అది అయ్యేసరికి 16 ఏళ్లు. అప్పటికి ఆ మదర్‌బోర్డు ఏ పాత సామాన్ల కొట్లో ఉంటుందో. స్క్రాచ్‌ని ఎస్‌ఎస్‌డీ నుంచి తప్పించి దాని ఆయుష్షు కాపాడటం అంటే కొత్త చెప్పులు అరుగుతాయని చేత్తో పట్టుకుని నడవడమే.

కొనే ముందు బోర్డు మాత్రం చూసుకోవాలి. బోర్డు మీద ఎస్‌ఎస్‌డీని నేరుగా గుచ్చే ఎం.2 స్లాట్‌లో పట్టేవన్నీ ఎన్‌వీఎంఈ కాదు, అదే ఆకారంలో సాటావి కూడా ఉంటాయి. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, హార్డ్ డిస్క్ కనపడట్లేదని టెన్షన్ పడి డేటా రికవరీ షాపుకి పట్టుకెళ్లే ముందు కేబుల్ ఇంకో పోర్టుకి మార్చి చూడటం మేలు. పాత బోర్డులు చాలావరకు ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావు, వాటికి సాటా ఎస్‌ఎస్‌డీ చాలు, అది చిన్నతనమేం కాదు.

ఇప్పుడు రెయిడ్. 2003లో వెస్ట్రన్ డిజిటల్ వాళ్లు 10,000 ఆర్‌పీఎం రాప్టర్ డిస్కులు తెచ్చినప్పుడు, వాటిని రెండు కలిపి రెయిడ్ 0లో పెట్టడం గ్రాఫిక్స్ వాళ్ల కల. డేటాని చెరి సగం చేసి రెండిటి మీదా ఒకేసారి రాస్తుంది, వేగం దాదాపు రెట్టింపు, రెండిట్లో ఏది పోయినా మొత్తం పోతుంది. ఒక్క ఎస్‌ఎస్‌డీ ఆ జతని ఎప్పుడో దాటేసింది కాబట్టి ఈ పనికి రెయిడ్ 0 పెట్టాల్సిన కారణం మిగల్లేదు. రెయిడ్ 1 వేరు, ఒకే డేటా రెండు డిస్కుల మీద ఉంటుంది, ఒకటి పోతే రెండోదాంతో పని ఆగకుండా నడుస్తుంది. సీజన్‌లో ఒక్క రోజు కూడా ఆగలేని షాపుకి అది నిజంగా ఉపయోగం. కానీ దాన్ని బ్యాకప్ అనుకోవడం ప్రమాదం. కుర్రాడు తప్పు ఫోల్డర్ డిలీట్ కొడితే రెండు డిస్కుల్లోనూ అదే క్షణం పోతుంది.

అసలు డేటా పోయే దారుల్లో డిస్క్ చచ్చిపోవడం ఒకటి మాత్రమే. బ్యాక్‌బ్లేజ్ అనే బ్యాకప్ కంపెనీ తను వాడే లక్షల హార్డ్ డిస్కుల లెక్కలు 2013 నుంచి బయటపెడుతోంది, ఈ మధ్య ఏళ్లలో ఏడాదికి వందలో ఒకటి రెండు పోతున్నాయి. అది ఏసీ డేటా సెంటర్లో, కరెంటు నిలకడగా ఉండే చోట. వోల్టేజీ ఊగిసలాడే చోట, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయినా మార్చని షాపులో ఇంకా ఎక్కువే అనుకోవాలి. రెండో దారి రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్. స్టాప్ లేదా డీజేవీయూ అని పిలిచే రకం ముఖ్యంగా క్రాక్ సాఫ్ట్‌వేర్లతోనే పాకింది, క్రాక్ ఫొటోషాప్‌తో నడిచే సెంటర్లు ఎన్నో చెప్పక్కర్లేదు. అది సీ, డీ అని చూడదు, గుచ్చి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని కూడా వదలదు. ఎప్పుడూ గుచ్చే ఉంచే బ్యాకప్ డిస్క్ ఇక్కడ పనికిరాదు. ఇంకోటి, హార్డ్ డిస్క్‌లో పొరపాటున డిలీట్ అయిన ఫొటోల్ని సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ చుట్టుపక్కల రికవరీ షాపుల వాళ్లు చాలాసార్లు వెనక్కి తేగలరు. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు డిలీట్ అయిన జాగాని వెంటనే శుభ్రం చేయించేస్తుంది, తర్వాత ఎవరూ ఏం చేయలేరు. పని ఎస్‌ఎస్‌డీకి మారాక బ్యాకప్ అవసరం తగ్గలేదు, పెరిగింది.

అందుకే హార్డ్ డిస్క్ ఇంకా కావాలి, కానీ పని మారింది. జీబీ లెక్కన ఇప్పటికీ అదే చవక, దాచడానికి అదే సరైంది. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంచడానికి ఎస్‌ఎస్‌డీ నమ్మకమైంది కాదు. రాతల హామీ అయిపోయిన స్థితిలో మామూలు ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలిపితే చాలన్నదే పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం. మన ఎండాకాలంలో 30 డిగ్రీలు ఎక్కడుంటాయి? హార్డ్ డిస్క్ కొనేటప్పుడు ఎస్‌ఎంఆర్ రకమా, సీఎంఆర్ రకమా అడగాలి. సీఎంఆర్‌లో డేటా రాసే ట్రాకులు దేనికదే విడిగా ఉంటాయి, ఎస్‌ఎంఆర్‌లో ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఒకచోట మార్చాలంటే పక్కవీ తిరగరాయాలి, పెద్ద డేటా ఏకబిగిన రాస్తే వేగం పడిపోతుంది. 2020లో వెస్ట్రన్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్‌వని చెప్పకుండా అమ్మారని బయటపడి పెద్ద రభస అయ్యాకే కంపెనీలు ఆ వివరాలు తేటగా పెట్టడం మొదలుపెట్టాయి. ఒకసారి రాసి దాచేసే ఆర్కైవ్‌కి ఎస్‌ఎంఆర్ అయినా నడుస్తుంది, రోజూ రాసే రెయిడ్‌కి వద్దు. కొత్తదని ఇచ్చింది కొత్తదేనా అన్నది ఇంటికెళ్లి డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ ఆన్ గంటలు (డిస్క్ ఎన్ని గంటలు నడిచిందన్న లెక్క) చూస్తే కొంతవరకు తెలుస్తుంది. సీసీ కెమెరాల డీవీఆర్‌లో ఏళ్లు నడిచినవి తుడిచి అమ్మడం ఉన్నదే. కొంతవరకే అనడం ఎందుకంటే 2025 మొదట్లో వాడేసిన సీగేట్ డిస్కులు ఆ గంటలు కూడా చెరిపేసి కొత్తవిగా అమ్ముడైన వ్యవహారం జర్మనీలో బయటపడింది.

మొత్తం బడ్జెట్ ఒకేసారి లేకపోతే వరస ఇలా ఉండొచ్చు: ముందు ర్యామ్ 32 జీబీకి, తర్వాత 1 టీబీ టీఎల్‌సీ ఎన్‌వీఎంఈ (నెలకి నాలుగైదు పెళ్లిళ్లు పైబడితే 2 టీబీ), తర్వాత 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు. ఒకేసారి రెండూ కొనలేకపోతే ఒకటి ఇప్పుడు, ఇంకోటి సీజన్ డబ్బు చేతికొచ్చాక. మొదటిది సిస్టమ్‌లోనే ఉండి రోజూ సాయంత్రం నడుస్తున్న పని కాపీ చేసుకోవడానికి, రెండోది వారానికోసారి గుచ్చి, కాపీ చేసి, తీసేసి ఇంటికి పట్టుకెళ్లడానికి. రెండోదానికి ఎక్స్‌టర్నల్ కొంటే ఒక మాట: చిన్న పోర్టబుల్ డిస్కుల్లో కొన్నిటికి యూఎస్‌బీ పోర్టు నేరుగా లోపలి బోర్డు మీదే అతికి ఉంటుంది, ఆ పోర్టు ఊడితే డిస్క్ బయటికి తీసి సాటా కేబుల్‌కి తగిలించే వీలుండదు. మామూలు 3.5 అంగుళాల డిస్క్, దాన్ని గుచ్చి యూఎస్‌బీతో వాడుకునే ఒక డాక్ కొనుక్కుంటే ఆ తలనొప్పి లేదు, డాక్ పాడైతే ఇంకో డాక్.

పార్టీకి ఆల్బమ్ ఇచ్చేశాక ఎన్నాళ్లు ఫైళ్లు ఉంచాలన్నది ముందే మాట్లాడుకుని బిల్లు మీద రాసేయడం మంచిది, లేకపోతే నాలుగేళ్ల తర్వాత వచ్చి "అన్నా, తమ్ముడి పెళ్లికి ఫ్లెక్స్ కొట్టిస్తున్నాం, మా పెళ్లి ఫొటోలు ఒకసారి తియ్యవా" అంటారు, మన దగ్గర ఆ మాట అడగని పార్టీ ఉండదు. రా ఫైళ్లు (కెమెరా నుంచి వచ్చిన ముడి ఫొటోలు), ఎడిటింగ్ అయిన జేపెగ్‌లు, షీట్ల పీఎస్‌డీలు వేర్వేరు ఫోల్డర్లలో ఉంటే గడువు దాటాక మొదట రా తీసేసి సగం పైన జాగా తెచ్చుకోవచ్చు. డిస్క్ మీద మార్కర్‌తో ఏ నెల నుంచి ఏ నెల దాకా అని రాసి, ఏడాదికొకసారి మూఢంలో పని లేనప్పుడు గుచ్చి, నాలుగు ఫోల్డర్లు తెరిచి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగు 'కాషన్' ఏమైనా వచ్చిందేమో చూడాలి. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (డిస్క్‌లో పాడైన, పాడవుతున్న చోట్లు) దగ్గర అంకె సున్నా దాటి ప్రతిసారీ పెరుగుతుంటే ఆ రోజే ఇంకో డిస్క్‌లోకి ఎక్కించేయాలి.